బయోఫిల్టర్‌ను నిలబెట్టడం: కర్నూలు పంపింగ్ స్టేషన్‌లో మా అనుభవం

కర్నూలులో ఎండ నలభై దాటిందంటే, మురుగునీరు పంపింగ్ స్టేషన్‌కు చేరేలోపే అందులో కరిగిన ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు డీసల్ఫోవిబ్రియో లాంటి బాక్టీరియా సల్ఫేటుతో బతుకుతూ హైడ్రోజన్ సల్ఫైడ్ అనే కుళ్లిన గుడ్ల వాసన వాయువును వదులుతాయి. నీళ్లు సంపులోకి దూకేచోట ఆ వాయువు పైకి లేస్తుంది. పక్కిళ్లలో పిల్లల వెండి పట్టీలు నల్లబడుతున్నాయని చెప్పినప్పుడు మాకేమీ ఆశ్చర్యం కలగలేదు, మా ప్యానెల్ బోర్డులో రాగి తీగలు అప్పటికే నల్లబడి ఉన్నాయి.

ఆ గాలిని తడి చెక్క ముక్కల బెడ్ గుండా పంపి, అందులో పెరిగే సూక్ష్మజీవులతో వాసనను తినిపించేదే బయోఫిల్టర్. సంపులో నీటి పైన ఖాళీ 60 ఘనపు మీటర్లు. గంటకు 12 సార్లు గాలి మారాలంటే 720 ఘనపు మీటర్లు లాగాలి. ఆ గాలి బెడ్‌లో 45 సెకన్లు ఉండాలని లెక్క వేస్తే 9 ఘనపు మీటర్ల మీడియా, అంటే బెడ్‌లో నింపే సరుకు, కావాలి. అందుకే 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, మీటరు లోతున బెడ్ కట్టాం. గాలి కింది నుంచి పైకి పోతుంది. ఫ్యాన్ ఎఫ్‌ఆర్‌పీది (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) పెట్టాం, ఈ గాలికి జీఐ (జింకు పూత ఇనుము) ఆగదు.

మీడియాలో 25 నుంచి 50 మి.మీ. చెక్క ముక్కలు సగానికి పైగా, కొబ్బరి పీచు ముక్కలు పావు వంతు, మిగతాది బాగా మాగిన కంపోస్టు. కంపోస్టును జల్లెడ పట్టి పొడి తీసేయాలి. ఇక్కడ వేరుశనగ పొట్టు చవగ్గా దొరుకుతుందని మొదటిసారి అదీ కలిపాం. కొన్ని నెలల్లోనే మెత్తబడి అణిగిపోయింది. గాలి ఒత్తిడి చూడటానికి మేస్త్రీలు వాడే లెవెల్ పైపునే యూ ఆకారంలో వంచి, నీళ్లు పోసి బెడ్ కింద బిగించాం. పైపు నీటి మట్టాల తేడాగా మొదట్లో 20 మి.మీ. ఉన్న ఒత్తిడి 70కి పోయింది, అంటే బెడ్ సందులు మూసుకుపోయాయి. వేరుశనగ పొట్టు మళ్లీ వాడం.

సూక్ష్మజీవుల కోసం ప్యాకెట్లు కొనక్కర్లేదు. ఎస్‌టీపీలో (మురుగునీటి శుద్ధి కేంద్రంలో) గాలి ఊదే ఏరేషన్ ట్యాంకుకు తిరిగి పంపే బురద, అంటే రిటర్న్ స్లడ్జిలో కావలసినవన్నీ ఉంటాయి. 200 లీటర్ల డ్రమ్ములు నాలుగు తెచ్చి, సగానికి సగం నీళ్లు కలిపి, నాలుగు రోజులపాటు కొంచెం కొంచెంగా చల్లాం. ఒకేసారి కుమ్మరిస్తే సందులు పూడిపోతాయి. రోజూ తడిపేది శుద్ధిచేసిన నీళ్లతోనే, అదీ క్లోరిన్ కలపకముందు పట్టినవి. నత్రజని, భాస్వరం అందులోనే ఉంటాయి. మా బోరు నీళ్లయితే నాజిళ్లకు తెల్లగా ఉప్పు కడుతోంది.

పది రోజుల్లో వాయువును కొలిచే మీటరు మీద హైడ్రోజన్ సల్ఫైడ్ దాదాపు సున్నాకు వచ్చింది. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఈ జీవులు వాసనను మింగేసి ఊరుకోవు, దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. మా సంపు గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ సగటున 40 పీపీఎం (పది లక్షల భాగాల్లో 40) ఉంది, అంటే ఘనపు మీటరుకు సుమారు 55 మిల్లీగ్రాములు. రోజుకు దాదాపు 950 గ్రాముల హైడ్రోజన్ సల్ఫైడ్. అదంతా ఆమ్లమైతే రోజుకు 2.7 కిలోలు! ఆ చిన్న బెడ్‌లోకి రోజూ అంత ఆమ్లం దిగుతుంటే ఏడు ఉన్న పీహెచ్ (ఎంత తగ్గితే అంత ఆమ్లం) రెండు నెలల్లో కింది పొరలో రెండుకు పడింది.

పీహెచ్ పడటంతో హైడ్రోజన్ సల్ఫైడ్ తొలగడం ఆగదు. ఏడు దగ్గర పనిచేసిన థయోబాసిల్లస్ జాతులు తగ్గిపోయి, వాటి స్థానంలోకి ఆసిడిథయోబాసిల్లస్ థయోఆక్సిడాన్స్ వస్తుంది. పీహెచ్ రెండులో కూడా హాయిగా పెరిగే జీవి అది. 1922లో వాక్స్‌మన్, జాఫే అనే శాస్త్రవేత్తలు దీన్ని వర్ణించారు. మురుగు కాలువల కాంక్రీటును తినేవాటిలో ఇదీ ఒకటి. మీటరు సున్నా చూపిస్తూనే ఉంటుంది. కానీ బెడ్ పక్కన నిలబడితే కుళ్లిన ఉల్లిగడ్డ వాసన! అది మిథైల్ మెర్కాప్టాన్, డైమిథైల్ సల్ఫైడ్‌లది, మామూలు మీటరుకు చిక్కదు. వాటిని తినే హైఫోమైక్రోబియం వంటి బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతాయి, ఆమ్లంలో బతకవు.

ఆమ్లాన్ని విరచడానికి సున్నపురాయి కంకర కలిపి చూశాం. మన జిల్లాలో రాయికి కరువా! కానీ 2.7 కిలోల ఆమ్లానికి దాదాపు అంతే రాయి కరగాలి. 300 కిలోలు వేసినా లెక్క ప్రకారం వంద రోజులే. నిజానికి అంతకుముందే రాయి మీద జిప్సం (ఆమ్లం, సున్నపురాయి కలిసి ఏర్పడే తెల్లటి ఉప్పు) పొర కట్టి పనిచేయడం మానేసింది, సందులూ పూడాయి. బెడ్ కింద పరిచిన కడప బండలకూ అదే గతి పట్టింది. అవీ సున్నపురాయే కదా. గోటితో గీకితే తెల్లటి పొడి రాలింది. వాటిని తీసేసి ఎఫ్‌ఆర్‌పీ జాలీ వేశాం.

ఆమ్లంతో పోట్లాడకుండా దానికి వేరే గది ఇవ్వడమే సరైన దారి. బెడ్‌కు ముందు 2.4 ఘనపు మీటర్ల ప్లాస్టిక్ రింగుల టవర్ పెట్టాం, ఆమ్లంలో బతికే జీవులు ఆ రింగుల మీదే పెరుగుతాయి, గాలి అందులో 12 సెకన్లు ఉంటుంది. పైనుంచి శుద్ధిచేసిన నీళ్లు రోజుకు మూడు వేల లీటర్ల దాకా పోతూ ఆమ్లాన్ని కడిగేస్తాయి. దిగేనీటి పీహెచ్ రెండు దగ్గరే ఉండనిస్తాం. రింగుల మీద లేత పసుపు పొర కనిపిస్తే అది గంధకం. భారం ఎక్కువై ఆక్సిజన్ చాలక ఆమ్లం దాకా పోలేదని గుర్తు, అప్పుడు నీళ్లు పెంచాలి. పాత మీడియా తీసేసి కొత్తగా నింపిన బెడ్‌కు హైడ్రోజన్ సల్ఫైడ్ ఇప్పుడు కొద్దిగానే చేరుతుంది, పీహెచ్ ఏడు దగ్గర నిలుస్తోంది. ఉల్లిగడ్డ వాసన తగ్గడానికి మాత్రం మరో ఏడు వారాలు పట్టింది. అంత ఓపిక ఉండాలి.

ఆమ్లం తర్వాత శత్రువు పొడితనం. పైన తడిగా కనిపిస్తుంది, గాలి వచ్చే కింది పొర ఎండిపోయి ఉంటుంది. 35 డిగ్రీల గాలి తేమ 60 శాతంతో లోపలికి వస్తే, మా ప్రవాహానికి రోజుకు 50 లీటర్లకు పైగా నీరు ఎగరేసుకుపోతుంది. టవర్ వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది, గాలి తడిసే వస్తోంది. అయినా వారానికోసారి అర మీటరు తవ్వి పిడికెడు మీడియా గట్టిగా పిండుతాం. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. చెయ్యి తడవకపోతే ఎండింది, ధారగా కారితే గాలి ఆడక లోపల మురుగుతుంది.

ఎండిన బెడ్ గోడ వదిలి ముడుచుకుంటుంది, గాలి ఆ చీలికల్లోంచి తప్పించుకుంటుంది. ఎక్కడ తప్పుతోందో పట్టడానికి ప్లాస్టిక్ బేసిన్‌కు రంధ్రం చేసి బోర్లించి, మీటరు గొట్టం పెట్టి అడుగు అడుగుకూ చూస్తాం. అగరుబత్తి పొగతో చూడొద్దు, సంపు గాలిలో మీథేన్ ఉంటుంది. సంపులోకి మనిషిని దించే ఆలోచనే వద్దు. 100 పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, అంతకు కొన్ని రెట్లు పెరిగితే ప్రాణం పోతుంది.

కరెంటు రెండు మూడు గంటలు పోతే జీవులకు ఏమీ కాదు. రోజంతా పోతే మాత్రం ఫ్యాన్ వేసిన మొదటి గంటలు వాసన వస్తుంది, దానికి భయపడి స్లడ్జి మళ్లీ చల్లొద్దు. చెక్క మీడియా మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. మార్చేటప్పుడు ఒకేసారి అంతా తీయకుండా, పుల్లనివి కాని పై పొర ముక్కలు నాలుగైదు గంపలు పక్కన పెట్టి, తడి గోనెపట్టా కప్పి, కొత్తదానిలో కలుపుతాం.