పొద్దున్నే కీళ్లు ఎంతసేపు పట్టేస్తున్నాయి?

కీళ్లనొప్పులున్నాయని ఎవరైనా చెప్పినప్పుడు నేను మొదట అడిగేది నొప్పి ఎంత తీవ్రంగా ఉందని కాదు, నిద్ర లేచాక కీళ్లు వదులు కావడానికి ఎంతసేపు పడుతోందని. పది, ఇరవై నిమిషాలు అటూ ఇటూ తిరిగేసరికి మోకాళ్లు సర్దుకుంటున్నాయంటే, అది వయసుతోనూ బరువుతోనూ పాత దెబ్బలతోనూ ముడిపడిన ఆస్టియోఆర్థ్రయిటిస్ అయ్యే అవకాశం ఎక్కువ. గంట గడిచినా పిడికిలి బిగియక, గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమై, వేళ్ల మొదళ్లలోనూ మణికట్లలోనూ వాపు కనిపిస్తూ, ఇదంతా వారాల తరబడి సాగుతోందంటే మాత్రం రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌ను అనుమానించవలసిందే. 1987లో సవరించిన అమెరికన్ వర్గీకరణ సూత్రాల్లోనే, కనీసం గంటసేపు ఉండే ఉదయపు బిగుతును ఈ వ్యాధి లక్షణాల్లో ఒకటిగా చేర్చారు. వైద్యులకు ఇంతకాలంగా తెలిసిన ఈ తేడా నొప్పి పడేవారికీ, వారి ఇంట్లోవారికీ తెలియకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

ఎందుకంటే ఇక్కడ కాలమే అన్నిటికన్నా విలువైనది. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌లో రోగనిరోధక వ్యవస్థ పొరపాటున కీలు లోపలి పొరపైనే దాడి చేస్తుంది. ఆ పొర వాచి, మందమై, పక్కనున్న మృదులాస్థినీ (ఎముకల చివర్లను కప్పి ఉంచే, గుజ్జు అని మనం పిలిచే మెత్తని పొర) ఎముకనూ క్రమంగా తినేస్తుంది. అలా పోయిన ఎముకను ఏ మందూ పూర్తిగా వెనక్కి తేలేదు. అందుకే కీళ్లలో వాపు మొదలైన ఆరు వారాల్లోగా రుమటాలజిస్టు (కీళ్లవ్యాధుల నిపుణుడు) చూడాలని, వ్యాధి గమనాన్ని నిలువరించే మందులు వీలైతే మూడు నెలల్లోగా మొదలు కావాలని ఐరోపా రుమటాలజీ నిపుణుల సంఘం సిఫారసు చేసింది. ఆ మూడు నెలలూ చాలామంది జీవితాల్లో తైలం మర్దనాలతోనూ, సొంతంగా కొనుక్కున్న నొప్పి మాత్రలతోనూ, వయసు మీద పడిందన్న సర్దుబాటుతోనూ గడిచిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికి ఈ వ్యాధి ఉన్నవారు సుమారు 1.8 కోట్లమంది, వారిలో 70 శాతం స్త్రీలు. ముప్పై, నలభై ఏళ్లకే ఇది మొదలు కావచ్చు కనుక, వయసును కారణంగా చెప్పుకోవడం ఎంత ప్రమాదకరమో వేరే వివరించనక్కరలేదు.

పరీక్షల విషయంలోనూ ఒక అపోహ ఉంది. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది కాబట్టి జబ్బు లేదని నిశ్చింతగా ఉండేవారు చాలామంది. నిజానికి ఈ వ్యాధి ఉన్న దాదాపు అయిదుగురిలో ఒకరికి ఆ పరీక్ష నెగెటివ్‌గానే ఉంటుంది; ఏ జబ్బూ లేని కొందరికి పాజిటివ్ వస్తుంది. తొలి నెలల్లో ఎక్స్‌రే కూడా మామూలుగానే కనిపించవచ్చు. వాచిన కీళ్లను చేత్తో తడిమి చూసే వైద్యుని అనుభవానికి కాగితం మీది ఒక్క అంకె ప్రత్యామ్నాయం కాదు.

మందుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలనిపిస్తోంది. 1948లో అమెరికన్ వైద్యుడు ఫిలిప్ హెంచ్ బృందం రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌తో మంచం పట్టిన ఒక రోగికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వగా కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది; ఆ పరిశోధనలకు 1950లో హెంచ్‌కూ, రసాయన శాస్త్రవేత్తలు కెండాల్‌కూ, రైఖ్‌స్టైన్‌కూ నోబెల్ బహుమతి లభించింది. అయితే ఎక్కువ కాలం వాడితే స్టెరాయిడ్లు ఎముకలను గుల్లబరుస్తాయనీ, చక్కెరను పెంచుతాయనీ, ఇన్ఫెక్షన్లకు దారి తీస్తాయనీ తరువాత తెలిసివచ్చింది. పేరూ కూర్పూ చెప్పని పొడులు, మాత్రలు రెండు రోజుల్లో అద్భుతంగా పనిచేస్తే వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉందేమోనని అనుమానించండి. కానీ కొన్నాళ్లుగా వాడుతున్నవాటిని ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే కనుక వైద్యునికి చూపించి అడగండి. నేడు ఈ వ్యాధి చికిత్సకు ప్రధాన ఆధారం మెథోట్రెక్సేట్ అనే మందు. దీనిని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, వేసుకునే రోజు పేరును మందు పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టడం మంచిది.

ఇక ఆస్టియోఆర్థ్రయిటిస్. 2019లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 52.8 కోట్లమందికి ఉన్న ఈ వ్యాధిలో ఎక్కువగా దెబ్బతినేది మోకాలే. గుజ్జు అరిగిపోయిందని వినగానే మిగిలినదైనా కాపాడుకోవాలని నడక మానేసేవారిని చూస్తే ఊరుకోలేను. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడు, దానిపై భారం పడుతూ తొలగుతూ ఉన్నప్పుడు కీలులోని ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. కదలిక ఆగితే తొడ కండరాలు సన్నబడి, అవి మోయవలసిన భారం కూడా కీలు మీదనే పడుతుంది. బరువు ఎక్కువగా ఉన్నవారు ఒక్క కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని తేలింది. ఎక్స్‌రేలో అరుగుదల ఎంత కనిపించినా నొప్పి అంతే ఉండాలని లేదు, కాబట్టి ఆ ఫిల్మ్ చూసి భవిష్యత్తును నిర్ణయించుకోకండి.

వందకు పైగా రకాలున్న ఈ వ్యాధుల్లో మరికొన్నిటిని గురించి రెండు మాటలు. కాలి బొటనవేలు రాత్రికి రాత్రే ఎర్రబడి దుప్పటి తగిలినా ఓర్వలేనంతగా సలిపితే అది యూరిక్ యాసిడ్ స్ఫటికాల వల్ల వచ్చే గౌట్ కావచ్చు. జ్వరంతో పాటు ఒక్క కీలు వేడెక్కి, వాచి, కదపలేని స్థితి వస్తే అది కీలులో చేరిన ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు. కొద్ది రోజుల్లోనే కీలును నాశనం చేస్తుంది గనుక మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలకు ఆర్థ్రయిటిస్ రాదనుకోవడం పెద్ద పొరపాటు. పొద్దున కుంటుతూ లేచి, మధ్యాహ్నానికి ఆడుకునే పిల్లవాడిని బడికి ఎగనామం పెడుతున్నాడని కోప్పడేముందు మోకాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి వాపు ఉందేమో చూడండి. ఈ పిల్లల్లో కొందరికి ఎరుపు గానీ నొప్పి గానీ లేకుండానే కంటి లోపల వాపు వచ్చి చూపు దెబ్బతింటుంది. అందువల్ల క్రమం తప్పని కంటి పరీక్ష కూడా చికిత్సలో భాగమే.

వైద్యుని దగ్గరికి వెళ్లే రోజుకు వాపు తగ్గిపోయి ఉండటం మామూలే. కనుక వాచిన రోజునే ఫోనుతో ఫోటో తీసి ఉంచుకోండి. ఏయే కీళ్లు, ఏ తేదీ నుంచి, పొద్దున ఎంతసేపు పట్టేస్తున్నాయో ఒక కాగితం మీద రాసి, వాడుతున్న మందులన్నిటితో పాటు దానినీ వెంట తీసుకువెళ్లండి.