మైపాడు ఇసుకలో విషమూంగలి

మా పెరట్లో బావి పక్కన, గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట, ఒక విషమూంగలి పొద ఉంది. అమ్మమ్మ దాన్ని కేసరచెట్టు అనేది. దాని పుట్టిల్లు సముద్రపు ఒడ్డని తెలిసినప్పటి నుంచి అక్కడే దాన్ని చూడాలని నా కోరిక. కార్తీక పౌర్ణమి జనం తగ్గాక ఒక సాయంత్రం నెల్లూరులో మైపాడు బస్సెక్కాను. పాతిక కిలోమీటర్ల దారి. రొయ్యల గుంటలు, బకింగ్‌హామ్ కాలువ, ఆ తర్వాత ఉప్పుగాలి.

జనం ఉన్న చోటు వదిలి సరుగుడు తోపు వెంట చాలా దూరం నడిచాను. బాలబందు తీగ అల్లుకున్న ఇసుక దిబ్బ వెనక కనిపించింది. నడుమెత్తు పొద, బారెడు ఆకులు. చీకటి పడే వేళకు మొగ్గలు విచ్చుకుంటున్నాయి. సన్నని ఆరు తెల్లరేకులు వెనక్కి వాలి, ఊదారంగు కేసరాలు నిలబడ్డాయి. అమ్మమ్మ పెట్టుకున్న పేరు ఎంత సరైనదో! వాసన అంత గాలిలోనూ నిలిచింది. రాత్రి తిరిగే రెక్కల పురుగులకు అదే పిలుపు.

పక్కనే వల సర్దుకుంటున్న ముసలమ్మ కేకేసింది.

"గడ్డ జోలికి పోవద్దు నాయనా. నోట్లో పెడితే వాంతులే. మేకలు కూడా మూతి పెట్టవు."

"లేదమ్మా, చూసిపోదామని వచ్చాను."

ఆమె మాట నిజం. ఆ గడ్డలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది.

అసలు అద్భుతం అల వదిలిన చెత్తలో దొరికింది. గవ్వల మధ్య నిమ్మకాయంత గింజ, బెండులా తేలిక. దానికి గట్టి పెంకు ఉండదు. తనలో దాచుకున్న తేమతోనే, మట్టి తగలకుండానే, వేలెడు తెల్లని మొలక వేసింది. ఇలాంటి గింజలు ఉప్పునీటి మీద తేలుతూ పోయి ఏ ఒడ్డుకు చేరితే అక్కడ నాటుకుంటాయి. అందుకే ఈ మొక్క మన తీరం, శ్రీలంక, మలయా, ఇండోనేషియా మీదుగా పసిఫిక్ దీవుల వరకు, ఉత్తరాన జపాన్, కొరియాలోని జెజు దీవి దాకా సహజంగా పెరుగుతోంది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి 'ఆసియాటికమ్', అంటే ఆసియాది, అని పేరు పెట్టాడు. నాకైతే ఇది ఏ ఖండానిదీ కాదు, సముద్రానిది.

గింజను సంచిలో వేసుకోబోయి ఆగాను. బావి దగ్గర మాకు ఒక పొద ఉండనే ఉంది. మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి వదిలాను. రెండుసార్లు నా కాళ్ల దగ్గరికే తిరిగి వచ్చింది. మూడో అల దాన్ని తీసుకుపోయింది.