రానక్కర్లేదంటే రావద్దన్నాడనుకున్నా

జర్మనీ వచ్చిన కొత్తల్లో మా టీమ్‌లో ఒకతను ఇల్లు మారుతూ సామాన్లు మొయ్యడానికి అందర్నీ పిలిచాడు, నాతో మాత్రం "డూ ముస్ట్ నిష్ట్ కొమెన్" అన్నాడు. ముస్ట్ నిష్ట్ అంటే ఇంగ్లీష్ మస్ట్ నాటే కదా, నన్నొక్కడినే రావద్దంటాడా అని మొహం మాడ్చుకుని శనివారమంతా రూమ్‌లోనే పడుకున్నా. సోమవారం "నడుం నొప్పి తగ్గిందా" అని అడిగాడు, అప్పుడు వెలిగింది, పాపం ఆయనన్నది నువ్వు రానక్కర్లేదు అని. రాకూడదు అనాలంటే "డార్ఫ్‌స్ట్ నిష్ట్" అనేవాడు.

అప్పటిదాకా ఈ మోడల్ వెర్బ్స్‌ని (చెయ్యాలి, చెయ్యగలను, చెయ్యొచ్చు లాంటివి చెప్పే సహాయక క్రియలు) ఇంగ్లీష్ పక్కన పెట్టుకుని బట్టీ కొట్టా, అదే తప్పు. విల్ అంటే భవిష్యత్తు అనుకున్నా, కాదు, కావాలనుకోవడం. బేకరీలో "ఇహ్ విల్" (ఇహ్ అంటే నేను) అని బ్రెడ్ అడిగితే నాకు కావాలంతే అన్నట్టుంటుందట, మర్యాదగా అడగాలంటే "ఇహ్ మ్యొష్టె".

తర్వాత తెలుగు పక్కన పెట్టి చూస్తే సగం ఇబ్బంది పోయింది. నేను వెళ్ళాలి, వాడు వెళ్ళాలి, మనకి మారుతుందా? అక్కడా ఇహ్ ముస్, ఏర్ (వాడు) ముస్ ఒకటే, మిగతా క్రియల్లాగా ఏర్ పక్కన చివర్లో ట్ తగిలించకూడదు (నేను ఏర్ కన్ట్ అని ఎన్నిసార్లు అన్నానో). ఏకవచనంలో మాత్రం అచ్చు మారుతుంది, క్యొనెన్ (చెయ్యగలగడం) కన్ అవుతుంది, ద్యుర్ఫెన్ (చెయ్యొచ్చు అనే అనుమతి) డార్ఫ్ అవుతుంది, వొలెన్ విల్ అవుతుంది, జొలెన్ ఒక్కటే బుద్ధిగా జొల్ అని ఉంటుంది. ఆ జొల్ కూడా మన "మన్నారు" లాంటిదే, డాక్టర్ రోజుకి మూడు మాత్రలు వేసుకోమన్నారు అనడానికి "ఇహ్ జొల్" సరిగ్గా సరిపోతుంది, ఇంగ్లీష్ షుడ్‌తో ఆ రుచి రాదు.

అన్నిటికంటే నచ్చింది "వైల్ ఇహ్ ఆర్బైటెన్ ముస్". వైల్ (ఎందుకంటే) వస్తే మోడల్ వెర్బ్ కూడా వాక్యం చివరికి పోతుంది, ఆర్బైటెన్ ముస్, పని చెయ్యాలి, అదే వరస! క్లాసులో స్పానిష్ వాళ్ళు తల పట్టుకుంటుంటే నేను కాలరెగరేశా.

గతకాలం దగ్గర మళ్ళీ దిగింది. కన్ కాస్తా కొంటె అవుతుంది, పేరుకి తగ్గట్టే కొంటెది, ఓ మీద రెండు చుక్కలు పెడితే క్యొంటె, అర్థం "చెయ్యగలిగా" నుంచి "చెయ్యగలనేమో"కి మారిపోతుంది. కాయితం మీద తేడా తెలుస్తోంది, నా నోట్లోంచి మాత్రం రెండూ ఇప్పటికీ ఒకేలా వస్తున్నాయి.