డిటెక్టర్ మార్చేముందు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను

నాలుగేళ్లు ఒకే మెటల్ డిటెక్టర్‌తో తిరిగాను. 8 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒక్క ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే మిషన్. పొడి నేలలో దానికి వంక పెట్టలేను. అలలు తడిపిన ఇసుక మీదికి కాయిల్ (నేల మీద తిప్పే గుండ్రటి పళ్లెం) తెచ్చానంటే మాత్రం, కింద ఏమీ లేకపోయినా ఆగకుండా కూస్తుంది. సెన్సిటివిటీ తగ్గిస్తే నోరు మూస్తుంది, దాంతోపాటు నాణేలనూ వదిలేస్తుంది.

మార్చాలనుకున్నాక నెల రోజులు స్పెసిఫికేషన్లు చదవడమే పని. ఏది ఎక్కువ లోతుకు పోతుందన్నదే నా గొడవ. తీరా లెక్క వేస్తే, చిన్న వస్తువు నుంచి వచ్చే సిగ్నల్ దూరంతో పాటు దాదాపు ఆరో ఘాతంలో పడిపోతుంది. 20 సెంటీమీటర్ల దగ్గర పలికే నాణెం 40 దగ్గర పలకాలంటే సిగ్నల్ 64 రెట్లు కావాలి. సిగ్నల్ రెండింతలైనా కలిసొచ్చే లోతు 12 శాతమే! అక్కడితో లోతు సంగతి వదిలేశాను.

చివరికి మూడు మిగిలాయి: మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800, దాని తర్వాత వచ్చిన 900, నోక్టా లెజెండ్. మూడూ ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడతాయి. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి తడి ఇసుక కూడా డిటెక్టర్‌కు లోహంలాగే తోస్తుంది. వేర్వేరు ఫ్రీక్వెన్సీల జవాబులు పోల్చి ఇవి ఆ ఉప్పు మోతను తీసేస్తాయి. నీళ్లలో 800, లెజెండ్ 3 మీటర్ల వరకు తట్టుకుంటాయి, 900 అయితే 5 మీటర్లు. నేను మోకాలి లోతు దాటను, కాబట్టి ఆ తేడా నాకు లెక్కలోకి రాలేదు.

స్నేహితుడి 800 రెండు రోజులు అడిగి తెచ్చుకున్నాను. పాతదానితో సిగ్నల్ దొరికిన చోటల్లా తవ్వకుండా పుల్ల గుచ్చి, తర్వాత అదే చోట కొత్తది తిప్పాను. ముందే తవ్వేస్తే పోల్చడానికి ఏమీ మిగలదు. పొడి నేలలో 12 పుల్లల్లో పదింటి దగ్గర రెండూ ఒకే మాట చెప్పాయి. కాస్త నిరాశపడ్డాను కూడా. తుప్పు మేకులు నిండిన చోట కథ మారింది. పాతదానికి అదంతా ఒకటే గురగుర. కొత్తదానిలో రికవరీ స్పీడ్ (ఒక సిగ్నల్ తర్వాత మరోదానికి ఎంత త్వరగా సిద్ధమవుతుందన్న సెట్టింగ్) పెంచితే ఆ గురగుర మధ్య సన్నగా ఒక కూత వినిపించింది. తవ్వితే రెండు మేకుల పక్కన రాగి నాణెం. ఇక తడి ఇసుక మీద 800 దాదాపు నిశ్శబ్దంగా ఉంది.

బంగారు ఉంగరం, కూల్‌డ్రింక్ డబ్బా రింగు తెర మీద ఒకే అంకె (లోహం ఏదో ఊహించడానికి డిటెక్టర్ ఇచ్చే సంఖ్య) చూపించే బాధ మాత్రం ఏ మోడల్‌లోనూ పోదు. తవ్వాల్సిందే. అయినా 800లో అంకెలు 40 దగ్గరే ఆగిపోవడంతో రాగి, వెండి నాణేలు ఇరుక్కుపోయినట్టు అనిపించాయి. లెజెండ్‌లో 60 దాకా, 900లో 99 దాకా ఉన్నాయి. బరువులోనూ తేలిక అని 900 తీసుకున్నాను.

పాతది అమ్మలేదు. పొడి నేలకు వెళ్లేటప్పుడు ఇప్పటికీ చెయ్యి దాని మీదికే పోతుంది, దాని కూతలు నాకు కంఠతా వచ్చు.