బొందు కింద మచ్చ

పదిహేనేళ్లుగా నా పని జనం దగ్గర రక్తం తీయడం. పలమనేరు వైపు ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. వానలు తగ్గిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా మాకు సీజన్. పొద్దున ఆరున్నరకే మెట్ల మీద దుప్పట్లు కప్పుకున్న జనం కూర్చుని ఉంటారు. చీటీల్లో ఎక్కువగా రాసుండేది 'ఫీవర్ ప్రొఫైల్' అని. అంటే రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీ, మలేరియా, డెంగ్యూ, టైఫాయిడ్‌కు చేసే వైడాల్. చీటీ లేకుండా వచ్చేవాళ్లూ ఉంటారు. "టైఫాయిడ్ ఉందేమో చూడు మేడమ్" అంటారు. చూస్తాం. చాలామందికి ఉంటుంది.

ఆ 'ఉంటుంది' ఎట్లా వస్తుందో చెప్పాలి. రక్తాన్ని తిప్పి సీరం, అంటే పైన తేరే పలచటి నీరు, వేరు చేస్తాం. గాజు పలక మీద గుండ్రాల్లో ఆ సీరం కొంచెం వేసి, టైఫాయిడ్ బ్యాక్టీరియా నుంచి తీసిన ఓ, హెచ్ అనే యాంటిజెన్ చుక్కలు కలిపి, పలకను ఒక నిమిషం అటూ ఇటూ ఆడిస్తాం. సీరంలో వాటికి యాంటీబాడీలు ఉంటే విరిగిన పాలలాగా పలుకులు కడతాయి, అదే పాజిటివ్. 20 మైక్రోలీటర్ల సీరానికి కడితే 1:80, 10కే కడితే 1:160, 5కే కడితే 1:320. చెప్పుకుంటే ఇంతే పని. కానీ పలక ఆడిస్తుండగా ఫోన్ వచ్చి రెండు నిమిషాలు దాటిందనుకోండి, చుక్క అంచులు ఆరి అక్కడా పలుకులు కట్టినట్టే కనిపిస్తుంది. ఇంకోటి, ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్ తాలూకు యాంటీబాడీలు కూడా రక్తంలో మిగిలుంటాయి. మన ప్రాంతాల్లో జ్వరం లేని మనిషి రక్తం తీసినా 1:80 రావడం వింతేమీ కాదు. ఇదంతా ల్యాబ్ డిప్లొమా, డీఎంఎల్‌టీలో చదువుకున్నదే. పరీక్ష రాసి మర్చిపోయాను. వైడాల్ అనే ఫ్రెంచి డాక్టరు ఈ పరీక్షను 1896లో చెప్పాడని కూడా రాశాను, దానికి మార్కు వచ్చింది.

2024 దీపావళికి మా అత్తవాళ్ల ఊరికి వెళ్లాం. రెండు ఆవులు, అరెకరా మల్బరీ, మిగతాది బీడు. మా అత్తకు మోకాళ్ల నొప్పులు, అందుకని రెండు రోజులు పచ్చగడ్డి నేనే కోశాను. వానలకు గడ్డి నడుం దాకా పెరిగుంది. అలసటొస్తే గట్టు మీద గడ్డిలోనే చతికిలబడేదాన్ని. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అదే చీరతో వంట చేశాను. ఏదో కుట్టినట్టు గానీ, దురద పెట్టినట్టు గానీ గుర్తు లేదు.

పది రోజులకు జ్వరం తగిలింది. మొదట చలి, తర్వాత 103. తలనొప్పి అంటే మామూలుది కాదు, కళ్ల వెనక ఎవరో మేకు దిగగొడుతున్నట్టు. కుడి గజ్జల్లో బిళ్ల కట్టింది. మా అత్తకు ఫోన్‌లో చెబితే "కాల్లో ముల్లిరిగిందేమో చూసుకో" అంది. ముల్లేమీ కనిపించలేదు. అంతటితో దాన్ని వదిలేశాను. ఆ బిళ్ల సంగతి గుర్తుంచుకోండి.

మూడో రోజు మా ల్యాబ్‌లోనే రక్తం ఇచ్చాను. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే తీసింది. మలేరియా లేదు, డెంగ్యూ ఎన్ఎస్1 లేదు. వైడాల్ ఓ 1:160, హెచ్ 1:160. "అక్కా, నీకు టైఫాయిడ్" అంది. నాకు దిగులు కన్నా ఊరటే ఎక్కువ కలిగింది. పేరు తెలిసింది కదా. ఆ అమ్మాయి చేత రిపోర్ట్ నేనే ప్రింట్ తీయించుకుని డాక్టరుకు చూపించాను. ఆయన సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రాశాడు, పూటకొకటి, ఐదు రోజులు.

ఆయన్ని తప్పు పట్టలేను. జ్వరంతో వచ్చిన మనిషి, తనే ల్యాబ్ మనిషి, చేతిలో టైఫాయిడ్ కాగితం పెట్టుకుని వచ్చింది. పైగా నిజంగా టైఫాయిడే అయినా ఆ ఇంజెక్షన్‌తో జ్వరం మర్నాటికే దిగదు. నాలుగైదు రోజులు పట్టొచ్చు. అందుకని మూడో రోజూ 104 ఉంటే "ఆగు, దిగుతుంది" అనడంలో తప్పేముంది? ఆగాం. బంధువులు వచ్చి పోతున్నారు, బ్రెడ్డు, బత్తాయిలు, గ్లూకోజు పొడి. ఐదో రోజు ప్లేట్‌లెట్లు 92 వేలకు పడ్డాయి. అక్కడ్నుంచి ఇంట్లో డెంగ్యూ భయం మొదలైంది. మా ఆయన ఎక్కడెక్కడో తిరిగి బొప్పాయి ఆకులు తెచ్చి దంచి రసం తీశాడు. వేపరసం దాని ముందు పాయసం. రెండుసార్లు వాంతి చేసుకున్నాను, మూడోసారి ముక్కు మూసి తాగించారు. పాపం ఆయనకు తెలిసిన వైద్యం అదే.

ఎనిమిదో రోజు రాత్రి నుంచి నాకు సరిగ్గా తెలియదు. ట్యూబులు తిరగేసి పెట్టారని ఎవర్నో తిట్టానట. చెవుల్లో మిషన్ తిరుగుతున్న హోరు. తొమ్మిదో రోజు పొద్దున బాత్రూమ్ నుంచి మంచం దాకా నడవడానికి ఆయాసం వచ్చింది. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ కరోనా నాటిది ఇంట్లో ఉంటే మా అబ్బాయి పెట్టి చూశాడు. 88. చిత్తూరు జిల్లాలో అట్లాంటప్పుడు ఎవరూ ఎక్కువ ఆలోచించరు. కారు మాట్లాడుకుని వేలూరు.

అక్కడ ఎమర్జెన్సీలో ఒక చిన్న డాక్టరమ్మ చూసింది. పాతికేళ్లు ఉంటాయేమో. తమిళం కలిసిన తెలుగు. నా రిపోర్టుల ఫైలు మా ఆయన చాపితే తీసుకుని పక్కన పెట్టింది. ఆ పెట్టడం నాకు కొంచెం కోపం తెప్పించింది కూడా. అన్నీ వరసగా పిన్ చేసి ఉన్నాయి మరి.

"జ్వరానికి ముందు పొలం పోయినారా అమ్మా? గడ్డిలో కూర్చున్నారా?"

అవునన్నాను. పదిహేనేళ్లలో నేను ఎవర్నీ అడగని ప్రశ్న. అడగాల్సిన పని నాకు లేదనుకోండి. వెంటనే కర్టెన్ లాగేసి, సిస్టర్‌ను పిలిచి, బట్టలన్నీ తీయించి గౌను వేయించింది. చెవుల వెనక చూసింది. చంకల్లో చూసింది. రొమ్ముల కింద ఎత్తి చూసింది. సిగ్గుతో నేను గోడ వైపు తిరిగాను. గజ్జల్లో బిళ్ల చేతికి తగలగానే ఆగింది. "ఇది ఎప్పట్నుంచి?" అని అడిగి, నన్ను పక్కకు తిప్పి, లంగా బొందు కట్టుకునే చోట నడుం చుట్టూ టార్చి వేసింది.

"ఇదో."

కుడి పక్కన, కొంచెం వెనక్కి. బీడీతో చురక పెట్టినట్టు గుండ్రంగా, నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. చిటికెన వేలి గోరంత. నొక్కితే నొప్పి లేదు. సిస్టర్ ఫోన్‌లో ఫోటో తీసి చూపిస్తే గానీ నేను నమ్మలేదు. బొందు ఒరుసుకుని అక్కడ నల్ల గీత పడటం చీర కట్టే ఆడవాళ్లందరికీ ఉన్నదే. ఆ నలుపులో ఈ నలుపు కలిసిపోయింది. తొమ్మిది రోజులు రోజూ దాని మీదే ముడి వేసుకున్నాను.

స్క్రబ్ టైఫస్. ఆ మాటను నేను కిట్ల ధరల పట్టికలో చూశాను, అంతే. గడ్డిలో, పొదల్లో బతికే ఒక రకం నల్లి జాతి పురుగు ఉంది. దాని పిల్లలు మాత్రమే కుడతాయి. మిల్లీమీటరులో పావు వంతు కూడా ఉండవు, కంటికి ఆనవు. బట్టల్లోకి పాకి, ఎక్కడ బట్ట బిగుతుగా ఉండి దారి ఆగుతుందో అక్కడ కుడతాయి. కుట్టిన చోట ఈ పక్కు కడుతుంది, దగ్గర్లో బిళ్ల కడుతుంది. నొప్పీ దురదా ఉండవు కాబట్టి మనిషికి తెలియదు. అందరికీ పక్కు కనిపిస్తుందనీ లేదు. మనిషి నుంచి మనిషికి అంటదు. దీని బ్యాక్టీరియా పేరు ఓరియెన్షియా ట్సుట్సుగముషి. జపాను భాషలో ముషి అంటే పురుగు. అది మన కణాల లోపల కాపురం పెడుతుంది. నేను ఐదు రోజులు పొడిపించుకున్న సెఫ్ట్రియాక్సోన్ దాన్ని ఏమీ చేయలేదు.

చేసే మందు డాక్సీసైక్లిన్. పాత మందు, మాత్రయితే కొన్ని రూపాయలే. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల కింది భాగాలూ తెల్లగా ఉన్నాయి కాబట్టి నాకు డాక్సీ, అజిత్రోమైసిన్ రెండూ సెలైన్‌లో ఎక్కించారు. రక్తం పరీక్ష రావడానికి ముందే మొదలుపెట్టారు. "రిపోర్ట్ రేపు వస్తుంది, మీరు రేపటిదాకా ఆగొద్దు" అంది ఆ డాక్టరమ్మ. ల్యాబ్ మనిషితో అన్న మాట! మర్నాడు స్క్రబ్ టైఫస్ యాంటీబాడీలు చూసే ఐజీఎమ్ ఎలైజా పాజిటివ్ వచ్చింది. రక్తంలో బ్యాక్టీరియా ఉంటే పెంచి చూసే బ్లడ్ కల్చర్‌లో నాలుగో రోజుకు ఏమీ పెరగలేదని చెప్పారు. అప్పటికే ఇంజెక్షన్లు పడ్డాయి కాబట్టి దాన్ని బట్టి టైఫాయిడ్ లేదని గట్టిగా అనలేం. కల్చర్ తీయాల్సింది మొదటి వారంలో, మందు పడకముందు. అది కూడా నేను చదువుకున్నదే.

రెండు మందులు ఎందుకని అడిగితే అక్కడి ఇంకో డాక్టరు చెప్పాడు. తర్వాత మా అబ్బాయి ఫోన్‌లో వెతికి చదివి వినిపించాడు. మన దేశంలోనే, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వాళ్ల ఆధ్వర్యంలో, జబ్బు ముదిరిన 794 మందికి డాక్సీ ఒక్కటే, అజిత్రోమైసిన్ ఒక్కటే, రెండూ కలిపి ఇలా మూడు రకాలుగా ఇచ్చి చూశారు. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. చనిపోవడం, వారానికీ అవయవాల ఇబ్బంది పోకపోవడం, ఐదో రోజుకీ జ్వరం దిగకపోవడం, వీటిలో ఏదో ఒకటి జరిగినవాళ్లు ఒక్కో మందు ఇచ్చిన గుంపుల్లో 47, 48 శాతం ఉంటే, రెండూ ఇచ్చిన గుంపులో 33 శాతం. నేను ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని పడుకున్నప్పుడు ఈ లెక్కలు తెలియకపోవడమే మంచిదైంది.

మందు ఎక్కిన రెండో రోజు తెల్లవారుజామున ఒళ్లంతా చెమట పట్టి మెలకువ వచ్చింది. దిండు తడిసిపోయింది. సిస్టర్ వచ్చి చూసి 99 అంది. పది రోజుల తర్వాత ఆ అంకె. ఆకలేసింది. ఇడ్లీ అడిగితే పొంగల్ ఇచ్చారు, తిన్నాను. ఆక్సిజన్ ఇంకో రోజు ఉంచి తీసేశారు. ఆరో రోజు ఇంటికి పంపించారు. మిగిలిన డోసులు మాత్రలుగా వేసుకోమన్నారు, 100 ఎంజీ, పొద్దునా రాత్రీ. నిండుగా నీళ్లు తాగాలి, వేసుకున్నాక అరగంట పడుకోకూడదు అని రెండుసార్లు చెప్పారు. మొదటి రాత్రే గుక్కెడు నీళ్లతో మింగి పడుకున్నాను. గొంతులో నిప్పు కణిక ఇరుక్కున్నట్టు తెల్లారేదాకా కూర్చునే ఉన్నాను.

ఇంట్లో అందరికీ ఇప్పటికీ నాకు వచ్చింది టైఫాయిడే. "టైఫస్ అన్నా అదే కదా" అంటుంది మా ఆడబిడ్డ. ఆమెనేమంటాం, పేర్లు పెట్టినవాళ్లే ఆ తికమక పెట్టారు. రెండూ 'టైఫోస్' అనే గ్రీకు మాట నుంచి వచ్చినవే, పొగ అని దాని అర్థం, జ్వరంలో మనసుకు పట్టే మసక. టైఫాయిడ్ అంటే టైఫస్ లాంటిది అని. 1948లో మలయాలో క్లోరాంఫెనికాల్ అనే కొత్త మందును స్క్రబ్ టైఫస్ రోగులకు ఇచ్చి చూస్తుంటే, వాళ్లలో కలిసిపోయిన టైఫాయిడ్ రోగులకూ తగ్గిందట. టైఫాయిడ్‌కు మొదటి మందు అట్లా దొరికింది. అక్కడ పొరపాటు అటు నుంచి ఇటు జరిగింది, పైగా ఒకే మందుకు రెండూ లొంగాయి. నాకు ఆ అదృష్టం పట్టలేదు.

కోలుకోవడం చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, విసుగు తప్ప. నెల రోజులు మేడ మెట్లెక్కలేకపోయాను. చెవిలో హోరు క్రిస్మస్ దాకా ఉంది. ఫిబ్రవరిలో జుట్టు గుప్పిళ్లతో ఊడింది. పెద్ద జ్వరాల తర్వాత అది మామూలేనని, మళ్లీ వస్తుందని చెప్పారు. వచ్చింది, పిలకల్లాగా. పక్కు మాత్రం మూడు వారాలకు రాలిపోయి, అక్కడ పలచటి మచ్చ మిగిలింది. ఇప్పుడు బొందు రెండు వేళ్లు పైకి కట్టుకుంటున్నాను. దానివల్ల లాభమేమీ లేదని తెలుసు.

సంక్రాంతి తర్వాత పనిలో చేరాను. మొదటి వారం వైడాల్ పలక చేతిలోకి తీసుకోబుద్ధి కాలేదు. పదిహేనేళ్లలో ఎన్ని వందల కాగితాల మీద ఆ 1:160 కొట్టి ఇచ్చానో. అందులో ఎందరు దిగని జ్వరంతో ఇంకో ఊరికి వెళ్లారో, ఎవరికి పక్కు ఎక్కడుందో. మా ఓనర్‌ను స్క్రబ్ టైఫస్ ఎలైజా పెడదామని అడిగాను. ప్లేటుకు 96 గుంటలు, అన్ని శాంపిళ్లు మనకెక్కడ వస్తాయి, గడువు దాటి పారేయాలి అన్నాడు. లెక్క నిజమే. శాంపిల్‌ను బయటికి పంపించడానికి ఒప్పుకున్నాడు.

మొన్న ఒకామె వచ్చింది, ఆరు రోజుల జ్వరం, చీటీలో వైడాల్. చేశాను, వాచీ చూసుకుని, సరిగ్గా ఒక నిమిషం. ఓ 1:160. రిపోర్ట్ ఇచ్చేముందు లోపలికి పిలిచి తలుపేశాను. అది నా పని కాదని తెలుసు. "గడ్డికి పోతావా అక్కా?" అన్నాను. "పోకుంటే ఆవులకు నువ్వేస్తావా?" అంది. బొందు కాస్త వదులు చెయ్యమంటే నా వైపు అదోలా చూసింది గానీ చేసింది. ఫోన్ టార్చి వేసి చుట్టూ చూశాను. అందరికీ ఉండే నల్ల గీతే ఉంది. చంకల్లోనూ ఏమీ లేదు.

"డాక్టరుకు గడ్డి సంగతి కూడా చెప్పు" అని రిపోర్ట్ చేతికిచ్చాను. మడిచి రవికెలో పెట్టుకుని, "టైఫాయిడే కదా?" అని అడిగింది.