ఒకటిన్నర సెంటీమీటరు ఫ్లైకి కెమెరా వెతుక్కున్నాను

కర్నూలులో గాలం వేసేవాళ్లకు కొదవ లేదు. సుంకేసుల దగ్గర, కేసీ కాలువ గట్టు మీద సాయంత్రం పూట ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. వాళ్ల ఎర వానపాము, కాదంటే పిండిముద్ద. నేను తయారు చేసే ఎర వేరు. చిన్న హుక్కు మీద కోడిపుంజు మెడ ఈకలు, దారం, బొచ్చు చుట్టి, నీళ్ల మీద వాలిన పురుగులా కనిపించేలా కడతాను. దీన్నే ఫ్లై అంటారు. ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లు, ముఖ్యంగా హిమాచల్‌లో తీర్థన్ నదికి ట్రౌట్ చేపల కోసం వెళ్లేవాళ్లు నా దగ్గర తెప్పించుకుంటారు. కొనే ముందు ఫొటో అడుగుతారు. అడగాలి కూడా. తల దగ్గర దారం ఎంత నున్నగా ముగిసింది, రెక్కలు రెండూ సమానంగా నిలబడ్డాయా, ఈక పోగుల పొడవు హుక్కు వెడల్పుకు తగ్గట్టుందా అన్నది చూడకుండా ఎవరు మాత్రం డబ్బు పెడతారు?

ఫోన్‌తో ఆ పని జరగలేదు. ఆడమ్స్ అని చాలా పేరున్న డ్రై ఫ్లై, అంటే నీళ్ల మీద తేలే రకం, ఉంది. 1922లో అమెరికాలోని మిషిగన్‌లో లెనర్డ్ హలడే అనే ఆయన మొదట కట్టాడు. దాని అందమంతా మెడలోనే ఉంటుంది. గోధుమ రంగు ఈక ఒకటి, తెలుపు నలుపు చారల ఈక ఒకటి పక్కపక్కనే పట్టుకుని కలిపి చుట్టాలి. సరిగ్గా చుడితే ప్రతి పోగూ విడిగా నిలబడి, చారలు ఒకదాని పక్కన ఒకటి మెరుస్తాయి. నా ఫోన్‌లో అదంతా కలిసిపోయి బూడిదరంగు ముద్దలా వచ్చేది. చిన్న వస్తువుల్ని దగ్గర నుంచి తీయడానికని మాక్రో అని పేరు పెట్టి ఇచ్చిన 2 మెగాపిక్సెల్ లెన్సు ఇంకా అధ్వానం. మూడు నాలుగు సెంటీమీటర్ల దగ్గరికి పోతేగానీ ఫోకస్ కాదు, అంత దగ్గరికి పోతే ఫోన్ నీడే ఫ్లై మీద పడుతుంది.

ఏ కెమెరా కొనాలని అడిగితే తలా ఒక మోడల్ పేరు చెప్పారు. అందుకే మోడళ్లు పక్కన పెట్టి, ముందు స్కేలు తీసుకుని ఫ్లైని కొలిచాను. పద్నాలుగో నంబరు హుక్కు మీద కట్టిన ఆడమ్స్, తోక కొస నుంచి హుక్కు కన్ను దాకా దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు. హుక్కు నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది కాబట్టి పద్దెనిమిదిది ఇంకా చిన్నది. ఇప్పుడు కెమెరా లోపల బొమ్మ పడే పలక, అంటే సెన్సర్, కొలత చూడాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, నికాన్, సోనీల ఏపీఎస్-సీ సెన్సర్ 23.5, మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3. లెన్సు 1:1 మాక్రో అయితే వస్తువు అసలు సైజులోనే సెన్సర్ మీద పడుతుంది. అంటే అదే ఆడమ్స్ ఫుల్ ఫ్రేమ్‌లో సగం కన్నా తక్కువ జాగా తీసుకుంటుంది, ఏపీఎస్-సీలో మూడింట రెండు వంతులు నిండుతుంది, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో దాదాపు అంచుల దాకా వస్తుంది. పెద్ద సెన్సర్ అంటే అన్నిటికీ మేలని అందరూ అంటారు గానీ, ఈ పనికి మాత్రం చిన్నదే కలిసొస్తుంది. ఈ లెక్క తేలగానే ఫుల్ ఫ్రేమ్ ఆశ వదిలేశాను. జేబుకు కూడా హాయిగా అనిపించింది.

రాజ్‌విహార్ సెంటర్ వైపు పెళ్లి ఫొటోలు తీసే ఒకాయన ఉన్నాడు, వయసులో నాకన్నా పెద్ద. స్టీలు స్కేలు, రెండు ఫ్లైలు పట్టుకుని ఆయన స్టూడియోకి వెళ్లాను. ఆయన ఫ్లైని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, ఇంత సన్నపుది నువ్వే కట్టినావా?"

"నేనే అన్నా. దీన్ని ఫ్రేమ్ నిండా తీయాల."

"కిట్ లెన్సుతో రాదప్పా. చూపిస్తా చూడు."

కెమెరాతో పాటే వచ్చే 18-55 లెన్సుతో ఎంత దగ్గరికి ఫోకస్ అవుతుందో అంత దగ్గరికి పోయి స్కేలును తీశాడు. ఫ్రేమ్‌లో ఏడు సెంటీమీటర్ల దాకా గీతలు కనిపించాయి. తర్వాత తన 50 ఎంఎం లెన్సు వెనక ఎక్స్‌టెన్షన్ ట్యూబులు తగిలించాడు. వీటిలో అద్దాలుండవు, ఖాళీ గొట్టాలే. ట్యూబు పొడవును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చేదే అదనపు మాగ్నిఫికేషన్, అంటే వస్తువు సెన్సర్ మీద అసలు సైజులో ఎన్నో వంతు పడుతుందన్న లెక్క. 36 ఎంఎం ట్యూబు 50 ఎంఎం లెన్సుకు తగిలిస్తే ముప్పావు వంతు దాకా వస్తుంది. ఈసారి ఫ్రేమ్‌లో మూడు సెంటీమీటర్ల గీతలే పట్టాయి. డబ్బు తక్కువున్నవాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదని ఇప్పటికీ నమ్ముతాను. కాకపోతే లెన్సు ముందు భాగం ఫ్లైకి బాగా దగ్గరికి వచ్చేసింది. పక్క నుంచి వెలుతురు పడడానికి చోటు చాలడం లేదు.

నాకు వెలుతురు ఎందుకంత ముఖ్యమంటే, నా ఫ్లైలలో చాలావాటికి ఒంటి మీద నెమలి ఈక పోగు చుడతాను. నెమలి ఈకలో కనిపించే పచ్చ రంగు పూసిన రంగు కాదు, ఈక లోపలి సన్నని నిర్మాణం మీద వెలుతురు పడి పుట్టే రంగు. కోణం మారితే రంగూ మారిపోతుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే నల్లటి పుల్లలా కనిపిస్తుంది. పక్క నుంచి, కాస్త పై నుంచి మెత్తటి వెలుతురు పడినప్పుడు మాత్రమే ఆ పచ్చ, ఆ రాగి మెరుపు బయటికి వస్తాయి. కాబట్టి లెన్సుకీ ఫ్లైకీ మధ్య జాగా ఉండి తీరాలి. నేను కెమెరా ఎంచుకున్నది అసలు ఈ ఒక్క కారణం మీదే.

ఒలింపస్ టీజీ-6 గురించి కూడా గట్టిగానే ఆలోచించాను. 2019లో వచ్చిన చిన్న కెమెరా అది. 15 మీటర్ల లోతు నీళ్లలో కూడా పనిచేస్తుంది. మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్సుకు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది, వేర్వేరు చోట్ల ఫోకస్ చేసిన ఫ్రేముల్ని ఒకటిగా కలిపే ఫోకస్ స్టాకింగ్ కెమెరాలోనే జరిగిపోతుంది. ఏటి ఒడ్డుకు తీసుకుపోయేవాళ్లకు ఇదే కొనమని చెబుతాను. నాది ఇంట్లో టేబుల్ మీద, వైస్‌లో (హుక్కును పట్టి ఉంచే బిగింపులో) బిగించిన ఫ్లైని తీరిగ్గా తీసే పని కాబట్టి ఆ దగ్గరితనం నాకు అడ్డే.

చివరికి ఏపీఎస్-సీ నికాన్ డీ5300 బాడీ, టామ్రాన్ 90 ఎంఎం 1:1 మాక్రో లెన్సు, రెండూ వాడినవే తీసుకున్నాను. లెన్సు పాత మోడల్, లోపల మోటరు లేదు, డీ5300లో కూడా లేదు. అందువల్ల ఆటోఫోకస్ పనిచేయదు, ధర తగ్గింది కూడా అందుకే. ఇంత దగ్గర్లో ఎలాగూ ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే కాబట్టి నాకు లోటేమీ లేదు. 1:1 దగ్గర కూడా లెన్సు ముందు పది సెంటీమీటర్ల దరిదాపు జాగా మిగులుతుంది. స్క్రీన్ బయటికి తిరుగుతుంది గనక వైస్ ముందు మెడ వంచుకుని కూర్చునే బాధ తప్పింది. కొనేముందు అదే స్కేలును మళ్లీ తీసి చూశాను. ఫ్రేమ్‌లో 23 గీతలు దాటి ఇరవైనాలుగోది సగంలో ఆగింది.

ఇక మిగిలింది ఫోకస్ లోతు. 1:1 దగ్గర లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11 దాకా తగ్గించినా (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా వచ్చే మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడమ్స్ మెడ ఈకల వలయం అడ్డంగా సుమారు సెంటీమీటరు. ఎఫ్/32కి పోతే సరిపోదా అంటే, అంత చిన్న రంధ్రంలో డిఫ్రాక్షన్ వల్ల, అంటే వెలుతురు రంధ్రం అంచుల దగ్గర వంగి చెదరడం వల్ల, ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది. అందుకని ఎఫ్/8లో, ఫోకస్‌ను ముందు పోగుల నుంచి హుక్కు నడుము దాకా కొంచెం కొంచెంగా జరుపుతూ పది పన్నెండు ఫ్రేములు తీసి, కంప్యూటర్‌లో కలుపుతాను. కంబైన్ జెడ్‌పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది.

ఈ ఫ్రేములు తీసేటప్పుడు ఈక పోగు వెంట్రుకవాసి కదిలినా కలిపిన ఫొటోలో ఒకే పోగు రెండుగా కనిపిస్తుంది. కాబట్టి ఫ్యాన్ ఆపాలి. మే నెల కర్నూలులో ఫ్యాన్ ఆపి కూర్చోవడం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. నేను తెల్లవారుజామున తీస్తాను. ఉత్తరం కిటికీకి పల్చటి తెల్ల పంచె కడతాను, అవతలి వైపు తెల్ల అట్ట నిలబెడతాను, వెనక లేత బూడిదరంగు చార్టు. రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేస్తాను. ఎల్‌ఈడీ వాడాల్సి వస్తే సీఆర్‌ఐ (దీపం కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 95 పైన ఉన్నదే వాడతాను, చవక దీపాల కింద గోధుమ రంగు ఈక పాలిపోతుంది.

ఇప్పుడు ఆడమ్స్ ఫొటోలో చారలు లెక్కపెట్టుకోవచ్చు. తల మీద దారం చుట్లు కూడా కనిపిస్తాయి. తీర్థన్ వెళ్లే ఒకాయన ఫొటో చూసి, రెక్కలు కొంచెం పొట్టిగా కట్టి పంపమన్నాడు. అంత వివరంగా అడగగలిగాడంటే నాకు చాలా సంతోషం వేసింది. ఇరవయ్యో నంబరు హుక్కుకు మాత్రం 1:1 చాలడం లేదు. దానికి, మాక్రో లెన్సు ముందు క్లిప్పుతో తగిలించే రేనాక్స్ డీసీఆర్-250 క్లోజప్ లెన్సు తీసుకోవాలని చూస్తున్నాను. దాని క్లిప్పు 52 నుంచి 67 ఎంఎం ఫిల్టరు సైజు దాకా పడుతుంది, నా టామ్రాన్‌ది 55.