జాలారి మొలకల లెక్క: వాగు వెంట అడవి సర్వే, ఆగస్టు నుంచి జూన్ దాకా

ఆగస్టు, రెండో ఆదివారం

తెల్లవారి ఐదింటికి తిరుపతిలో బయల్దేరి, భాకరాపేట మీదుగా నెరబైలు దాటేసరికి ఏడైంది. పైన రాసిన జాలారి అంటే ఈ కొండల్లో పెరిగే గుగ్గిలం జాతి చెట్టు. మేము ఐదుగురం: రిటైరైన వృక్షశాస్త్రం మాస్టారు, బ్యాంకులో పనిచేసే అక్క, డిగ్రీ చదివే ఇద్దరు తమ్ముళ్లు, నేను. ఫారెస్టు వాళ్ల అనుమతి కాగితం జేబులో ఉంది, తోడుగా వాళ్ల వాచర్ అన్న వచ్చాడు. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెట్టాలనుకుంటే ముందు ఆ కాగితం సంగతి చూసుకోండి. శేషాచలంలో తాడూ టేపూ కత్తీ పట్టుకుని నడిచే మనిషిని ఎవరైనా ఎర్రచందనం దొంగ అనే అనుకుంటారు, అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. మేము పోతున్న వాగు పేరు కూడా అందుకే ఇక్కడ రాయను. ఫోన్లలో ఫొటోకు లొకేషన్ అతుక్కునే సెట్టింగ్ అందరం ఆపేశాం. పెద్ద మాను ఎక్కడుందో లోకానికి చెప్పడమంటే రంపానికి దారి చూపించడమే.

ఈ రోజు పనల్లా వాగు ఒడ్డున పెద్ద చెట్ల చుట్టుకొలత తీయడం. దర్జీ టేపు 150 సెంటీమీటర్లే, దానితో పని కాదు. 10 మీటర్ల ఫైబర్ టేపు తెచ్చుకోవాలి. 1.37 మీటర్ల ఎత్తు దగ్గర కొలుస్తాం కాబట్టి ఆ ఎత్తుకి వెదురు కర్ర కోసుకుని పైన ఎర్రదారం కట్టాం. ఏటవాలులో చెట్టుంటే కర్రని ఎగువ వైపు నేల మీద ఆనించాలి. మొదలు దగ్గర వేళ్లు గోడల్లా ఉబ్బి ఉంటే ఆ ఉబ్బు దాటిన పైన కొలిచి, ఎంత ఎత్తులో కొలిచామో రాసుకోవాలి. టేపు చెట్టు వెనక్కి పోయాక జారి కిందికి దిగుతుంది, అందుకే ఒకరు వెనక నిలబడాల్సిందే.

ఒక ఏరుమద్ది 412 సెం.మీ. వచ్చింది. తెల్లటి బెరడు పలకలు పలకలుగా ఊడి, కింద కొత్త బెరడు లేతగా, చేత్తో నిమిరితే పిండి రాసినట్టు నున్నగా ఉంది. వాగు వైపు వేళ్లు బండలని చుట్టేసి పట్టుకున్నాయి. ఆ ఒక్క చెట్టు దగ్గరే అరగంట ఉండిపోయాం.

సెప్టెంబర్

రెండు వారాలు వానే. పెన్నుతో రాసినదంతా అలుక్కుపోయింది, ఇక నుంచి పెన్సిలే.

అక్టోబర్, రెండు ట్రిప్పులు

పెద్ద చెట్లు మాత్రమే కొలుస్తూ పోతే అడవి సంగతి తెలియదని మాస్టారు మొదట్నుంచీ అంటున్నారు. అందుకని వాగు నుంచి పైకి, ఎండు వాలు మీదికి ఎక్కి 20 మీటర్ల చదరాలు వేయడం మొదలుపెట్టాం. ఒక్కో చదరంలో చుట్టుకొలత 30 సెం.మీ. దాటిన ప్రతి మానూ కొలవాలి, లోపల 5 మీటర్ల చిన్న చదరంలో అంతకంటే సన్నగా ఉన్న పిల్ల చెట్లు, ఇంకా లోపల నాలుగు మూలలా ఒక్కో మీటరు గడిలో మొలకలు. చెట్లకి మేకులు కొట్టలేదు, రంగు పూయలేదు. మూలలో రాళ్లు పేర్చి, వాటి ఫొటో, పక్కనున్న బండ ఆనవాలు నోట్‌బుక్‌లో గీసుకున్నాం.

మొదటి మూడు చదరాలు తప్పు వేశాం. తాడుని వాలు మీద నేలకి ఆనించి 20 మీటర్లు లాగాం. 20 డిగ్రీల వాలులో అలా లాగితే అడ్డంగా వచ్చేది 18.8 మీటర్లే. తాడుని కొంచెం కొంచెంగా, వాలు వెంట కాకుండా మట్టంగా ఎత్తిపట్టి, దిగువ మనిషి తలపైకి చేతులు చాపి, తాడు కొస నుంచి రాయి కట్టిన దారం వేలాడదీసి దించుకోవాలి, లేదా వాలు మీద 21.3 మీటర్లు లాగాలి. మూడింటినీ మళ్లీ వేయడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది. టెన్షన్ పడకుండా ఓపికగా మళ్లీ తాడు పట్టిన తమ్ముళ్లకి ఇక్కడే థాంక్స్ చెబుతున్నా.

గుర్తుపట్టడంలో నేను ఎక్కువ తికమకపడింది ఎర్రచందనం, పెద్దేగి దగ్గర. ఎర్రచందనానికి ఆకు మామూలుగా మూడు రెబ్బలు, పెద్దేగికి ఐదు నుంచి ఏడు. ఆకు అందనంత ఎత్తులో ఉంటే బెరడు చూడాలి. ఎర్రచందనం బెరడు నల్లగా, మొసలి వీపులా చదరాలు చదరాలుగా పగిలి ఉంటుంది. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో తూర్పు కనుమల ఈ దక్షిణ కొసలోనే, 1995 నుంచి సైటిస్ ఒప్పందం కింద దాని అంతర్జాతీయ వ్యాపారంపై అదుపు ఉంది, అయినా మా ఐదో చదరంలో రెండు పాత మొద్దులు కనిపించాయి. రంపపు కోత మీద ఎర్రటి జిగురు ఎండి గాజు పెంకులా అతుక్కుని ఉంది. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

డిసెంబర్

ఈ నెల అడవి లోపలిదాకా పోలేకపోయాం. ముందు ఏనుగు లద్దె కనిపించిందని వాచర్ అన్న వెనక్కి తిప్పాడు. ఇంకా ఆవిరి పోతున్న లద్దె, ఇక దాని మీద వాదన లేదు.

ఇంట్లో కూర్చుని పన్నెండు చదరాల లెక్కా ఎక్సెల్‌లో ఎక్కించాం. అన్నీ కలిపితే 4,800 చదరపు మీటర్లు, ఎకరా కంటే కొంచెం ఎక్కువ. 2010లో బయోస్ఫియర్ రిజర్వు అయిన శేషాచలం 4,750 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంత అడవి గురించి ఎకరా నేల చూసి మాట్లాడకూడదని నాకు తెలుసు. కానీ ఆ ఎకరాలోనే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది.

జాలారి చెట్లు, 30 సెం.మీ. దాటినవి, 41. చదరాల మూలల్లో మొలకలు, మోకాలి కంటే కింద ఉన్నవి, 163. ఆ రెండింటికీ మధ్యవి, అంటే మనిషి ఎత్తు పిల్ల చెట్లు: రెండు. నేను ఫార్ములా తప్పు కొట్టానేమోనని అక్క నోట్‌బుక్కులు ముందేసుకుని చేత్తో లెక్కేసింది. రెండే. చిన్న చదరాల్లో వెతికింది తక్కువ నేల కాబట్టి అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, అయినా పన్నెండు చోట్లా కలిపి రెండు అంటే గుండెలో కలుక్కుమంది. ముసలివాళ్లున్నారు, చంటిబిడ్డలున్నారు, మధ్య వయసు వాళ్లే లేని ఊరులా ఉంది.

కెనడాలో వాంకూవర్ దీవి మీద ఒక డగ్లస్ ఫిర్ ఉంది, 66 మీటర్ల ఎత్తు. 2011లో కలప కంపెనీకి పనిచేసే ఒక మనిషి దాన్ని వదిలేయమని రిబ్బన్ కట్టాడు, చెట్టు నిలిచింది, చుట్టూ అడవంతా పోయింది. ఫొటోలో ఆ చెట్టుని చూసినప్పుడల్లా నాకు మా జాలారి మానులే గుర్తొస్తున్నాయి. మా దగ్గర చుట్టూ అడవంతా ఎవరూ నరికేయలేదు, అయినా ఇంకో రెండు తరాలకి వాటికీ ఆ ఒంటరితనమే రాసిపెట్టి ఉన్నట్టుంది.

జనవరి

నెరబైలు వైపు ఒక తాతని కలిశాం, చిన్నప్పట్నుంచీ ఆ కొండల్లో తిరిగినాయన. మొలకలు ఎందుకు ఎదగడం లేదు తాతా అని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు. “ఎండాకాలం బోదకి నిప్పు పెడతా ఉండారు గదా నాయనా, పెద్దమానుకి తోలు మందం, అది తట్టుకుంటాది, బిడ్డ యాడ తట్టుకుంటాది?” బోద అంటే కొండగడ్డి. కొత్త గడ్డి లేతగా వస్తుందని కొందరు, దారి కనపడాలని కొందరు, బీడీ ముక్క పారేసి ఇంకొందరు. జాలారి గింజకి ఇంకో కష్టం కూడా ఉంది. రెక్కలతో గిరగిరా తిరుగుతూ బాగానే రాలుతుంది గానీ, దాని జాతి గింజలకి మొలిచే శక్తి ఎక్కువ రోజులు నిలవదు. నేలలో దాగి మంచి ఏడు కోసం ఎదురుచూసే గింజ కాదు.

ఫిబ్రవరి, మూడు ట్రిప్పులు

అనుమతి మళ్లీ అడిగి, చదరాల చుట్టూ మూడు మీటర్ల వెడల్పున ఎండుటాకు, గడ్డి ఊడ్చి నేల కనపడేలా గీత తీశాం. ఫారెస్టు వాళ్లు తీసే ఫైర్ లైన్ లాంటిదే, చిన్నది. పలుగు వాడకండి, నేల తవ్వితే వానకి కోత పడుతుంది. వెదురు పరక చీపురూ, ఇనుప పళ్ల గోకుడు కర్రా చాలు. మనుషులు సరిపోక ఐదు చదరాలకే చేయగలిగాం. చిట్టీత ముళ్లు గుచ్చుకుని అందరి పిక్కలూ గీరుకుపోయాయి. పిడుదులకి మేజోళ్లలోకి ప్యాంటు దోపి వేపనూనె రాసుకుంటే కొంత నయం.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో పేరు రిజిస్టర్ చేసుకుంటే మనం ఎంచుకున్న ప్రాంతంలో ఉపగ్రహానికి మంట కనిపించినప్పుడు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఉచితమే, అందరూ చేసుకోవచ్చు. చిన్న మంటలు దానికి దొరకవు, మెసేజ్ వచ్చేసరికి ఆలస్యమూ అవుతుంది, అయినా పెట్టుకోండి.

ఏప్రిల్

మెసేజ్ రాలేదు. వాచర్ అన్న ఫోన్ చేశాడు. రెండు రోజులు కాలిందట.

పోయి చూస్తే గీత తీయని ఏడింటిలో నాలుగు నల్లగా మాడిపోయాయి. గీత తీసిన ఐదింటిలో ఒకటి కూడా పోయింది. ఎగువన ఎండి పడున్న మాను అంటుకుని, నిప్పులతోనే దొర్లి లోపలికొచ్చింది. వాలులో ఎగువ వైపు గీత ఇంకా వెడల్పు ఉండాలి, పడిపోయిన దుంగలుంటే ముందే పక్కకి జరపాలి. ఇది మాకు తట్టలేదు. కాలిన చదరంలో మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. మొలక ఉన్న చోట అగ్గిపుల్ల కాలిన మొనలా నల్లటి పుల్ల, ముట్టుకుంటే వేలికి బూడిదైంది. పక్కనే పెద్ద జాలారి, మొదలు రెండడుగులు మసిబారింది, పైన ఆకు మాత్రం పచ్చగానే ఉంది.

జూన్, మూడో ఆదివారం

రెండు వానలు పడ్డాయి. కాలిన ఐదు చదరాల మూలల్లో పోయిన ఏటి మొలకలు 3 మిగిలాయి, అవీ మొదలు నుంచి మళ్లీ చిగురేసినవే. కాలని ఏడింటిలో 58. నిప్పు తగలని చోట కూడా చాలా చచ్చాయి, ఎండకే అయ్యుండాలి, అందుకని అంతా నిప్పు వల్లే అని రాయడం లేదు. కానీ ఆ 58లో తొమ్మిది మోకాలు దాటాయి.

ఒకదాన్ని దగ్గర నుంచి చూశాను. కాడ ఇంకా ఎర్రగానే ఉంది, ఆకులు ఆరు, చివరి జత సగం విచ్చుకుని తడిసిన కాగితంలా మెత్తగా ఉన్నాయి. ఎత్తు 54 సెం.మీ. తొమ్మిదింటి పక్కనా చిన్న రాయి పెట్టి నంబరు రాసుకున్నాం.

మళ్లీ అక్టోబర్‌లో కొలుస్తాం. ఈసారి గీత పన్నెండింటికీ తీయాలని, దానికి జనవరి ఆఖర్లోనే మొదలుపెట్టాలని అనుకున్నాం. మనుషులు కనీసం పదిమంది కావాలి, గోకుడు కర్రలు ఇంకో నాలుగు చేయించాలి, 25 మీటర్ల తాడు ఒకటి తెగిపోయింది, కొత్తది కొనాలి.